అడుగు చూసే ఆర్విడ్

ఆర్విడ్ ట్వేట్ ఏ వస్తువునైనా తిరగేసి అడుగు చూడందే నమ్మడు. కుర్చీ ఇస్తే బోర్లించి, నాలుగు కాళ్లూ పరీక్షించి, అప్పుడు కూర్చుంటాడు. కాఫీ ఇస్తే కప్పు తలకంటే ఎత్తుకి లేపి కిందనుంచి చూస్తాడు. స్నేహితుడు లయల్ మనవరాలికి చర్చిలో జ్ఞానస్నానం ఇప్పించిన రోజున పిల్లని ఇతని చేతికిస్తే, రెండు చేతులా పైకెత్తి అడుగు చూశాడు.

"తడిసింది," అన్నాడు.

పాస్టరు ఇంకా నీళ్లు చల్లనే లేదు. చూస్తే నిజమే.

ఆర్విడ్ పెళ్లి చేసుకోలేదు. దానికీ ఈ అలవాటే కారణమని హార్డ్‌వేర్ షాపు డ్వేన్ అంటాడు.

ఎల్స్‌బీ ఊళ్లో అతని గురించి చెప్పమంటే అందరూ ముందు ఆపిల్ పై కథే చెబుతారు. పిండి రొట్టెలో ఆపిల్ ముక్కలు కూరి కాల్చే ఆ పై, లయల్ భార్య మిర్నా చర్చి విందుకి చేసి తెచ్చింది. ఊరంతా చెప్పుకునే పై అది. ఆర్విడ్ పళ్లెం అందుకున్నాడు, తిప్పాడు. తెల్లటి బల్లగుడ్డ మీద పై బోర్లా పడింది. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తూంటే, ఇతను వంగి దాన్నే చూస్తూ, "అడుగు బ్రహ్మాండంగా కాలింది మిర్నా. ఎక్కడా పచ్చి లేదు," అన్నాడు. ఆ మెప్పు ఆవిడ చెవికెక్కలేదు. ఆ రోజునుంచీ ఆవిడ ఆపిల్ పై బయటికి తీసిందంటే ఆర్విడ్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకోవాలి. అది రూలు.

ఇంకో సంగతి కూడా ఉంది. ప్రతి ఆదివారం అతను ప్రార్థనకి ఆలస్యంగా వస్తాడు. మొదటి పాట అయిపోయాక తలుపు కిర్రుమంటుంది. వీపునిండా మంచుతో ఆర్విడ్ లోపలికొస్తాడు.

"ఏమైందయ్యా?" అని పాస్టరు అడిగితే, "జారి పడ్డానండి," అనేవాడు.

నార్త్ డకోటా చలికాలంలో జారి పడ్డం వింత కాదు. కానీ జూలైలో కూడా వీపునిండా దుమ్ముతో వచ్చేవాడు.

"ఇప్పుడెక్కడ జారావు?"

"గడ్డి మీదండి."

పాపం, నిలబడ్డం సరిగా రాని మనిషి అని ఊరు తీర్మానించుకుంది. మిర్నా జాలిపడి అతని బూట్లకి ఇనప ముళ్ల పట్టీలు కొనిచ్చింది. వాటిని కూడా తిరగేసి చూసి, మంచివే అని చెప్పి, తొడుక్కుని, మరుసటి ఆదివారం మళ్లీ వీపునిండా మంచుతో వచ్చాడు.

లయల్, ఆర్విడ్ ఇద్దరూ ధాన్యం గోదాములో పనిచేసి మానేసినవాళ్లే. లయల్ లారీలు తూచేవాడు. ఆర్విడ్ బెల్టులకి గ్రీజు పెట్టేవాడు. మంగళవారం మధ్యాహ్నాలు డ్వేన్ షాపు వెనక గదిలో నలుగురూ చేరి బొమ్మ బండ్లు చేస్తారు. బొమ్మలంటే పిల్లలవి కావు. ప్లాస్టిక్ ముక్కల కిట్టు కొని, గీకి, అతికి, రంగులేసి, అసలు బండికి అరచేతిలో ఇమిడే నకలు తీయడం. ఎవరైనా నెలలకొద్దీ చేసి, అద్దంలా మెరిసే బండి తెచ్చి బల్ల మీద పెడితే ఆర్విడ్ ఆ మెరుపు వంక చూడడు. తీసుకుని బోర్లిస్తాడు. "మెరుగు ఎవడైనా పెడతాడు," అంటాడు.

ఒకసారి డ్వేన్ ఒళ్లు మండి, తన బండి అడుగున "ఇక్కడేం పనిరా నీకు" అని చిన్న కాగితం అంటించాడు. ఆర్విడ్ తిప్పాడు, చదివాడు.

"పని ఉంది. సైలెన్సర్ ఏదీ?" అన్నాడు.

డ్వేన్ ఇంటికెళ్లి వెతికితే సైలెన్సర్ ముక్క కిట్టు పెట్టెలోనే ఉంది.

ఆ చలికాలం మిర్నా ఉద్యోగం ముగిసింది. చుట్టుపక్కల పొలాల ఇళ్లన్నిటికీ ఉత్తరాలు పంచే పని ఆవిడది. తన సొంత పికప్ ట్రక్కులోనే తిరిగేది. నాలుగు చక్రాలూ లాగే బండి. అది కాకపోతే ఆ మంచులో గుమ్మం దాటడం కూడా కుదరదు. "ఇన్ని చలికాలాల్లో మా ఆవిడ బండి దారిలో ఒక్కసారి ఆగిందా? చూసుకునేవాణ్ణి బట్టి ఉంటుంది," అని లయల్ కనబడ్డవాడికల్లా చెప్పుకునేవాడు. ఆయిలు మార్చేవాడు, కడిగేవాడు. అంతకుమించి ఏం చూసుకునేవాడో ఎవరూ అడగలేదు.

శనివారం సాయంత్రం చర్చి కింద గదిలో ఆవిడకి విందు. అందరిముందూ ఆ బండి నకలు ఆవిడ చేతిలో పెట్టాలని లయల్ పట్టుదల. తనకి మాటలు రావు. పెళ్లినాడు కూడా పాస్టరు చెప్పమన్నవి తప్ప ఇంకో ముక్క అనలేదు. చెప్పవలసిందంతా ఈ బండే చెప్పాలి.

చిక్కేమిటంటే, దొరికిన కిట్టు వెనక చక్రాలు మాత్రమే లాగే బండిది. ముందు భాగమంతా మార్చాలి. లయల్ మొండివాడు. సన్నటి ప్లాస్టిక్ పట్టీలు ఒకదాని మీద ఒకటి అతికి, కుదుపులు ఆపే కమాన్ కట్టలు చేశాడు. చొక్కా గుండీలు అరగదీసి, గేర్‌బాక్సు పక్కన ఉండే చిన్న గేర్ పెట్టె చేశాడు. చెవి పుల్లతో షాఫ్ట్ చేశాడు. ముందు ఇరుసు మాత్రం, దాని మీద గేర్లుండే గుండుతో సహా, ఇంకో కంపెనీ బండి కిట్టులోంచి తీసి పెట్టాడు. గురువారం పొద్దున్నకి బండి ఎత్తుగా, దర్జాగా నాలుగు చక్రాల మీద నిలబడింది.

మధ్యాహ్నం ఆర్విడ్ లయల్ ఇంటికి వచ్చాడు. కుర్చీ బోర్లించి చూసి కూర్చున్నాడు. బండి తీసుకుని తిప్పాడు. ముందునుంచి వెనక్కి ఒక్కో ముక్కా చూసుకుంటూ పోయాడు.

"కమాన్లు బాగా చేశావురా," అన్నాడు చివరికి.

"ఇంకా?"

"ఈ ఇరుసు తలకిందులుగా పెట్టావు."

"తెలుసు. దాని గేర్ల గుండు కుడివైపుంది. మిర్నా బండికి ఎడమవైపుండాలి. అందుకని తిప్పి పెట్టాను. ఇప్పుడు ఎడమవైపే ఉందిగా."

"ఉంది. కానీ ఇరుసు తలకిందులైతే చక్రాలు వెనక్కి తిరుగుతాయి. వెనక చక్రాలు ఉత్తరాలు పంచడానికి బయల్దేరతాయి. ముందు చక్రాలు ఇంటికి బయల్దేరతాయి. మిర్నా మధ్యలో కూర్చుని ఏం చేస్తుంది?"

"ఒరే, ఇది ప్లాస్టిక్. కదలదు. లోపల గేర్లే లేవు."

"లేవని నీకూ నాకూ తెలుసు. బండికి తెలుసా?"

లయల్‌కి కోపం ముంచుకొచ్చింది. గట్టిగా అతుక్కుపోయిన ఇరుసది. పీకితే కమాన్లు విరుగుతాయి. మధ్యలో ఉన్నది శుక్రవారం ఒక్కటే.

"కింద ఎవడు చూస్తాడురా నువ్వు తప్ప? ఊళ్లో ఒక్కడంటే ఒక్కడు చూస్తాడా? పో, ఇంటికి పో. అడుగులు చూసుకుంటూ పో."

ఆర్విడ్ టోపీ తీసుకున్నాడు. అలవాటుకొద్దీ దాన్నీ తిప్పి చూసి, పెట్టుకుని వెళ్లిపోయాడు.

లయల్ బండి ముందు అలాగే కూర్చున్నాడు. పైనుంచి చూస్తే ఏ లోపమూ లేదు. అయినా ఆ ముందు చక్రాలు ఇంటివైపు తిరుగుతున్నట్టే అనిపించింది. తిట్టుకుంటూ కత్తి తీసి ఇరుసు కోసేశాడు. అనుకున్నట్టే ఒక కమాను విరిగింది.

శుక్రవారం పొద్దున్నే ఆర్విడ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతిలో పొగాకు డబ్బా. అందులో దూది మీద ముందు ఇరుసు. గేర్ల గుండు ఎడమవైపే ఉంది, తలకిందులు కాకుండా.

"ఎక్కడిదిరా?"

"దొరికింది. నువ్వా కమాను అతుకు. కాస్త కాఫీ కూడా పెట్టు."

లయల్ కాఫీ తెచ్చేసరికి ఆర్విడ్ పట్టకారు పట్టుకుని బండి అడుగున ఏదో గెలుకుతున్నాడు. అడిగితే, "జిగురు ఆరిందా అని చూస్తున్నా," అన్నాడు.

శనివారం లయల్ రంగు డబ్బా కోసం డ్వేన్ షాపుకి వెళ్లాడు. అద్దాల బీరువాలో ఎప్పుడూ ఉండే ఆర్విడ్ బొమ్మ ట్రక్కు, అతను రెండేళ్లు కూర్చుని చేసింది, ముందు చక్రాలు లేకుండా అగ్గిపెట్టె మీద ఆనుకుని నిలబడుంది. పాడుబడ్డ దొడ్లో బండిలాగా.

"నిన్న పొద్దున వచ్చి వాడే కోసుకుపోయాడు. అడిగితే దొరికింది అన్నాడు," అన్నాడు డ్వేన్.

లయల్ రంగు డబ్బా కొనడం మర్చిపోయి ఇంటికొచ్చాడు.

విందులో బంగాళాదుంపల వంటకాలు అయ్యాయి. పాస్టరు నాలుగు మాటలు చెప్పాడు. లయల్ లేచి, బండి మిర్నా ముందు పెట్టి, "ఇది నీది," అని కూర్చున్నాడు. అంతకంటే రాలేదు.

మిర్నా దాన్ని అటూ ఇటూ చూసింది. నవ్వింది. తర్వాత తీసుకుని తిరగేసింది. అందరూ ఘొల్లుమన్నారు.

ఆవిడ మాత్రం నవ్వడం ఆపి, కళ్లజోడు సర్దుకుని దగ్గరికి తెచ్చుకుంది. సైలెన్సర్ దగ్గర వెంట్రుకంత రాగి తీగ కట్టి ఉంది. మూడు మెలికలు, కొస లోపలికి మడిచి.

"లయల్, ఈ తీగ నువ్వు కట్టావా?"

లయల్ మొదటిసారి దాన్ని చూశాడు. అసలు బండికి అక్కడ తీగ ఉందన్న సంగతే తనకి తెలీదు. ఊరంతా వింటోంది. ఔననడానికి ఒక్క మాట చాలు. బల్ల చివర ఆర్విడ్ ఉప్పు డబ్బా అడుగు చూస్తున్నాడు. ఉప్పంతా ఒళ్లో పోతోంది.

"నేను కాదు," అన్నాడు లయల్.

"నాకు తెలుసయ్యా. నువ్వు కట్టిన ముడి ఎప్పుడైనా వారం నిలిచిందా? పట్నంలో మెకానిక్ నా బండి కిందకి దూరి అడిగాడు, ఎవరమ్మా దీన్ని చూసుకునేది, ప్రతి బోల్టూ బిగించి ఉంది అని. నేనూ ఆలోచించాను. మా ఊళ్లో ప్రతి ఆదివారం జారి పడేది ఒక్కడే."

చర్చి బయట ప్రతివారం వరసగా నిలిపే తమ తమ బండ్లు అందరికీ గుర్తొచ్చాయి.

"నా బ్రేకు గొట్టం కారడం దానంతటదే ఆగిందనుకున్నా..." అన్నాడు డ్వేన్ నెమ్మదిగా.

"గడ్డి మీద కూడా జారతాను," అన్నాడు ఆర్విడ్, ఉప్పు దులుపుకుంటూ.

మిర్నా వంటగదిలోకి వెళ్లి ఆపిల్ పై తెచ్చి అతని ముందు పెట్టింది. ఆర్విడ్ గబగబా చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"తియ్యి చేతులు. గాజు పళ్లెంలో చేశాను. ఎత్తి చూసుకో. తిప్పావంటే మాత్రం ఊరుకోను."

ఆర్విడ్ పళ్లెం తలమీదికి ఎత్తి, దీపం వెలుగులో కిందనుంచి తృప్తిగా చూశాడు.

"కాలింది," అన్నాడు.

మర్నాడు ఆదివారం. మొదటి పాట అయిపోయింది. తలుపు కిర్రుమంది. వీపునిండా మంచుతో ఆర్విడ్ వచ్చాడు. వెనకాలే, టోపీమీద కూడా మంచుతో, లయల్ వచ్చాడు.

పాస్టరు పుస్తకం దించి ఇద్దరినీ చూశాడు.

"జారి పడ్డానండి," అన్నాడు లయల్.