వాకర్ సాబ్ మేర

రాజలింగం మంగలి పోచన్న చిన్నకొడుకు. మెట్‌పల్లి అవతల ఓ పల్లె వాళ్లది. తరతరాలుగా ఊరందరికీ గడ్డాలు గీసి, క్షవరాలు చేసి, ఏ రోజుకా రోజు పైసా అడగకుండా బతికిన వంశం. అడగాల్సిన పనేముంది? కోతలయ్యాక కల్లం దగ్గరికి వెళ్లి నిలబడితే చాలు, కాపు తనంతట తనే వడ్లు కొలిచి పెట్టేవాడు. దాన్నే మేర అంటారు. మేర పెట్టిన కాపుకి అంతటితో బాధ్యత తీరిపోదు. మంగలి ఇంట్లో చావొచ్చినా, రోగమొచ్చినా, వాకిట్లోకి వచ్చి "పటేలా, గిట్లయింది" అన్నాడంటే ఆ ఇంటివాళ్లు ఏదో ఒకటి చేసి తీరాలి. చెయ్యని కాపుని ఊరంతా ఆడిపోసుకునేది.

అలా మేర పెట్టే ఇళ్లు కూడా పొలాల్లాగే అన్నదమ్ముల మధ్య పంపకానికి వచ్చేవి. రాజలింగం తన వాటా ఇళ్లన్నీ అన్న భోజన్నకి వదిలేసి, అన్న ఇచ్చిన పైకంతో వీసా కొనుక్కుని దుబాయ్ వెళ్లాడు. వాడి తెలివికి ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకోవడానికి ఖర్చేముంది గనక.

ఎనభై ఒకటిలో ఆ ఊళ్లోనే దేరా అనే పేటలో ఒక హోటల్లో వడ్డించే పని దొరికింది. తనతో విమానమెక్కినవాళ్లంతా ఎండలో ఇనుము మోస్తుంటే, తను ఏసీలో తెల్లచొక్కా వేసుకుని ప్లేట్లు మోసేవాడు. అదృష్టవంతుడివని అందరూ అనేవారు. అతనూ అలాగే అనుకున్నాడు.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వాకర్ సాబ్ అని ఒక అమెరికా ఇంజనీరు వచ్చేవాడు. జెబెల్ అలీ రేవు పనిలో పెద్ద ఉద్యోగం. కిటికీ పక్క టేబుల్, మసాలా లేని చేప, నిమ్మకాయ షర్బత్. తినడమయ్యాక ప్లేటు అంచు కింద ఒక నోటు పెట్టి లేచేవాడు. మొదటిసారి అది మర్చిపోయాడనుకుని రాజలింగం కారు దాకా పరిగెత్తాడు. వాకర్ సాబ్ నవ్వి, నోటు అతని గుప్పిట్లోనే ఉంచి, భుజం తట్టి వెళ్లిపోయాడు.

లోపలికొచ్చి క్యాషియర్ కృపానందాన్ని అడిగాడు. కృపానందం గుడివాడ వైపు మనిషి, వయసులో పెద్దవాడు, ఇంగ్లీషు తెలిసినవాడు.

"అది టిప్పురా," అన్నాడు కృపానందం. "వాళ్ల దేశంలో వడ్డించేవాడికి ఓనరు ఇచ్చే జీతం ఏ మూలకీ రాదంట. తిన్నోడే బిల్లు మీద వందకి పదిహేను లెక్కన పెట్టి లేవాలి. పెట్టకపోతే పరువు తక్కువ. ఆ దొరే చెప్పాడు నాతో."

"అంటే మేరనే గదా అన్నా."

మేరంటే ఏమిటో రాజలింగం విడమరిచి చెప్పాడు. కృపానందం సగం విన్నాడు. "ఏమోరా, అదీ ఇదీ ఒకటే అంటావా?" అన్నాడు.

"పని చేసినోని కడుపు సూసుకునుడే గదా. ఏడైనా గంతే."

కృపానందం బిల్లులు రాసుకునే తొందరలో సరేలెమ్మన్నాడు. ఆ మనిషి ఆ రోజు గట్టిగా కాదని ఉంటే ఎంత బాగుండేదో.

ఇక అప్పటినుంచి వాకర్ సాబ్‌ని రాజలింగం గిరాకీలా చూడలేదు. చేపలో ముళ్లు తనే ఏరి తెచ్చేవాడు. సాబ్ దగ్గుతుంటే హోటల్లో లేని అల్లం కషాయం కాచి తెచ్చాడు. ఉత్తరానికి బదులు పెళ్లాం సాయవ్వకి మాటలు నింపి పంపే క్యాసెట్లో, "గీడ గూడ మనకొక ఇల్లు దొరికిందే, మంచి పెద్దింటోళ్లు," అని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో ఎంత ధీమా ఉందని.

రెండేళ్లు తిరిగాయి. కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, హోటల్ని ఇంకొకరికి అమ్మేశాడు. హోటల్ నడిపే ముదీర్ సనావుల్లా నిజామాబాద్ మనిషి. రాజలింగాన్ని పక్కకు పిలిచి తలవంచుకుని చెప్పాడు.

"ఖలాస్, రాజలింగం. కొత్త కఫీల్ తన ఆద్మీలను తెచ్చుకుంటుండు. నెలాఖరుకు నీ వీసా క్యాన్సిల్. నా చేతుల ఏం లేదు భాయ్."

మరో కఫీల్ వీసా ఇస్తేనే ఈ దేశంలో నిలవడం. లేకపోతే ఊరు. ఊళ్లో మంగలి కత్తి పట్టుకుని వెళ్లడానికి అతనికి ఒక్క ఇల్లు లేదు, అన్నీ భోజన్నవి. అయినా రాజలింగం బెదరలేదు. వాకర్ సాబ్ కంపెనీలో ఇంతమంది ఉన్నారు, తనకొక మూల దొరకదా అనుకున్నాడు.

"వద్దురా," అన్నాడు కృపానందం. "చెప్పకుండా వాళ్లింటికి వెళ్లకూడదు. అయినా ఆయన నీకేమవుతాడని?"

"రెండేండ్ల సంది మేర తిన్ననే అన్నా. ఆపదల అడగకపోతే ఆయనకే చిన్నతనం."

 కృపానందం అడగాల్సిన ఇంగ్లీషు ముక్కలు రెండు నేర్పి పంపాడు.

జుమేరాలో సాబ్ ఇల్లు రాజలింగానికి తెలుసు, ఒకసారి పార్టీకి భోజనాలు మోసుకెళ్లాడు. బుధవారం సాయంత్రం చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లి గంట కొట్టాడు. వాకర్ సాబే తలుపు తీశాడు. తీసి, ఎవరు కావాలని అడిగాడు.

రాజలింగం ప్లేటు పట్టుకున్నట్టు చెయ్యి చాచి చూపించాడు. "హోటల్ సార్. ఫ్రైడే. ఫిష్, నో మసాలా," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది సాబ్‌కి. గుర్తొచ్చి మొహం ఎర్రబడింది. కిందటి శుక్రవారం స్నేహితులతో వచ్చాడు, బిల్లు వాళ్లలో ఒకడు కట్టాడు, టిప్పు ఎవరూ పెట్టలేదు. అది అడగడానికే ఈ మనిషి ఇంతదూరం వచ్చాడనుకున్నాడు. సారీ, సారీ అంటూ లోపలికి వెళ్లి, ఎప్పటికంటే పెద్ద నోటు తెచ్చి చేతిలో పెట్టాడు.

రాజలింగం ఆ నోటు పట్టుకునే నేర్చుకొచ్చిన మాటలు అప్పజెప్పాడు. "సార్, మై వీసా ఫినిష్. యూ గివ్ వర్క్, సార్."

సాబ్ శ్రద్ధగానే విన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. అయ్యో పాపం అన్నట్టు తలూపి, తన చేతిలో ఏమీ లేదన్నాడు, చెయ్యి కలిపి, గుడ్ లక్ చెప్పి తలుపేసుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన దేశపు మర్యాద ప్రకారం ఏ శుక్రవారం బాకీ ఆ శుక్రవారమే టేబుల్ మీద తీర్చేసి లేచాడు. ఈ మనిషికి ఇంకా ఏదో మిగిలి ఉందన్న సంగతి ఆయనకెలా తెలుస్తుంది?

రాజలింగం ఆ సాయంత్రం జుమేరా నుంచి దేరా దాకా నడిచే వచ్చాడు. కృపానందం అడిగితే, "మంచిగనే మాట్లాడిండు," అని ఊరుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. అప్పటికే కొత్త కఫీల్ మనుషులు దిగారు. కిటికీ టేబుల్ ఒక కేరళ మనిషికి అప్పజెప్పి, రాజలింగాన్ని కడిగిన గ్లాసులు తుడవడానికి పెట్టారు. వాకర్ సాబ్ వచ్చాడు, ఇతన్ని చూసి కాస్త ఇబ్బందిగా తలూపి, ఎప్పటి చోటే కూర్చున్నాడు. కొత్తవాడు మసాలా దట్టించిన చేప తెచ్చి, ముళ్లతో సహా ముందు పెట్టాడు. నీళ్లు కూడా రెండుసార్లు అడిగించుకున్నాడు. సాబ్ సగం తిని పక్కకు నెట్టాడు.

లేచేటప్పుడు ప్లేటు అంచు కింద నోటు పెట్టాడు. రాజలింగం గ్లాసు వదిలేసి దగ్గరికెళ్లి చూశాడు. రెండేళ్లుగా తనకు పెట్టినంతే, అదే విలువ నోటు. కొత్తవాడు దాన్ని చూడకుండానే జేబులో వేసుకుని టేబుల్ తుడిచేశాడు.

రాజలింగం క్యాషు బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు నిండాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"వానికి గూడ గంతనే పెట్టిండు అన్నా," అన్నాడు.