గొర్లు ఆగిన వాకిలి

మొన్న బీపీ గోలీలు అయిపోతే దేవరకొండకు పోయి దవాఖాన వరండాలో వరుసలో నిలబడ్డప్పుడు, గోడకు అంటించిన రంగుల కాగితం ఒకటి కంటపడింది. బడి ముఖం చూడనివాణ్ని, పల్లీలు కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ని కాబట్టి, ఎక్కడ రాత కనబడినా చివరిదాకా చదవనిదే కదలలేను. నవ్వుతున్న ముసలి ఆలుమగల బొమ్మ, దాని కింద మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ సమాజం అండగా ఉండాలని ముచ్చటైన మాటలు. చదివినకొద్దీ నా ఒళ్లు మండింది. నా వంతు వచ్చినా కదలకపోతే వెనకాయన నన్ను దాటి ముందుకు పోయాడు.

మా అన్న సంగతి నా ఈడువాళ్లకు చెబితేనే అర్థమవుతుంది, ఎందుకంటే మంద వెంట బతుకు గడిపిన మనిషి ఎట్లా ఉంటాడో మీరు చూసి ఉంటారు. ఊహ తెలిసిన నాటి నుంచి ఆయన గొర్లకాపరే. తెలంగాణ వచ్చిన కొత్తలో, మేపే జాగా కరువై గొర్లను అమ్మేసి ఇంటిపట్టున ఉన్నప్పుడే, ఆయన మతి మెల్లగా జారిపోవడం మొదలైంది. ముందు మా పేర్లు పోయాయి, తర్వాత తిన్నదీ తిననిదీ పోయింది, కొన్నాళ్లకు మా వదిననే పట్టుకుని నువ్వెవరి ఇంటిదానివని అడిగాడు. గొర్లు మాత్రం ఆయన తలలోంచి పోలేదు. పొద్దు పొడవగానే గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, లేని మందను అదిలించుకుంటూ బయలుదేరేవాడు. పిల్లలు లేని ఇల్లు, వదిన నాట్లకో కలుపులకో కైకిలికి పోతే తప్ప పొయ్యి వెలగదు, నేనేమో నకిరేకల్‌లో ఒక గోదాము కాపలా పనిలో ఉండి అప్పుడప్పుడు వచ్చిపోయేవాణ్ని.

అప్పుడు ఆయనను చూసుకున్నది మా ఊరి కాపర్లే. దానికోసం ఎవరూ మీటింగు పెట్టలేదు, ఎవరూ మైకు పట్టలేదు. ఏ మంద ముందు కదిలితే ఆ మందతో ఆయనను కలుపుకుని పోయేవాళ్లు, నీడపట్టున సద్ది విప్పితే ఆయన చేతిలోనూ ఇంత పెట్టేవాళ్లు, పొద్దుగూకేసరికి గడపదాకా తెచ్చి వదినకు అప్పజెప్పేవాళ్లు. వాళ్లలో ఒకడైన మా అక్క కొడుకుది రోజూ ఒకటే పరాచికం. "మామా, దినమంత నువ్వే మేపినవ్. మేం ఉట్టిగ తిరిగొచ్చినం." అది విని మా అన్న నవ్వేవాడు. ఆ నవ్వు చూసుకునే వదిన బతికింది. తిరిగిన మనిషి తిరుగుతూనే పోవాలి, ఆయనను కట్టేయను, గదిలో వేయను అని ఆమె పట్టుదల.

మీకు గుర్తుండే ఉంటుంది, ఎరువుల బస్తాలు ఇంతగా రాని రోజుల్లో, పంట కోసిన చేనులో రాత్రిపూట మంద పెట్టమని రైతులు కాపరి ఇంటికి వచ్చి బతిమాలేవాళ్లు. గొర్ల పెంటికలు చేనుకు అంత బలం. మంద ఉన్నన్నాళ్లూ కాపరికి బువ్వ ఆ రైతు ఇంటి నుంచే రావాలి, అది కట్టుబాటు. రోడ్డు పక్క చేను గల పెద్దరైతు ఏటా మా అన్న కోసం వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. ఆ రైతు కాలం చేశాడు, చేను కొడుకు చేతికి వచ్చింది, బోర్లు పడ్డాయి, పత్తి వచ్చింది, బీళ్ల చుట్టూ కంచెలు లేచాయి, మేపే జాగా లేక మందలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి.

నేను ఊళ్లో ఉన్న రోజే జరిగింది. సాయంత్రం మా అన్నను మంద దగ్గర ఉంచి, తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం మా మేనల్లుడు గుట్ట అవతలికి పోయి వచ్చేసరికి మంద లేదు. మా అన్న తన పాత కూత వేశాడు, గొర్లు ఆయన వెంట నడిచాయి, ఆయన వాటిని తీసుకుపోయి ఆ రోడ్డు పక్క చేనులో, కాత మీదున్న పత్తిలో మంద పెట్టాడు. పెట్టి, గట్టు మీద గొంగడి పరుచుకుని, రైతు ఇంటి బువ్వ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. కబురంది మేం పోయేసరికి పెద్దరైతు కొడుకు ఆయనను కరెంటు స్తంభానికి తాడుతో కట్టేసి ఉంచాడు. మా అన్న ముఖంలో కోపం లేదు. కట్టినవాణ్నే అడుగుతున్నాడు.

"మంద దెచ్చిన్నని మీ నాయినకు చెప్పినవా బిడ్డా? బువ్వ ఇంక రాకపాయె."

మర్నాడు పంచాయతీలో మేనల్లుడు పంట నష్టం కింద పొట్టేళ్లు ఇచ్చుకున్నాడు. పంట పోయింది నిజమే, నేను కాదనను. కానీ మనిషిని కట్టేసింది తప్పని ఒక్క నోటి నుంచీ రాలేదు. వదిన కొంగు బిగించి నిలబడి, రోజుకొక ఇంటివాళ్లు తోడుంటే చాలు, కైకిలి నుంచి రాగానే నేను తీసుకుపోతానని అడిగింది. "ఇంట్ల పెట్టి తాళమేసుకో పిల్లా, గంతకన్న ఏం జేస్తం" అన్నాడు పెద్దమనిషి. ఆ మాట అన్న పెద్దమనిషి చేనులోనూ మా అన్న మంద పెట్టినవాడే.

వదిన తాళం కొన్నది. మా అన్న కిటికీ ఊచలు పట్టుకుని కూత వేసేవాడు. మిగిలిన ఒకటి రెండు మందలు వాడలోంచి పోతూ ఆ కూతకు మా వాకిట్లో ఆగిపోయేవి, ఎంత అదిలించినా కదిలేవి కావు. కాపర్లు విసిగి దారి మార్చుకున్నారు. మా మేనల్లుడూ మార్చుకున్నాడు. కూత వేసి వేసి, ఏదీ రాక, మా అన్న చివరికి నోరు విప్పడమే మానేశాడు. మళ్లీ వానాకాలం చూడకుండానే పోయాడు. దినాలకు మాత్రం ఊరంతా వచ్చింది, కడుపునిండా తిన్నది.

దవాఖాన గోడ మీది కాగితం ఆ అండను కొత్త సంగతిలా చెబుతున్నది. మాకు అది ఉండేది, దానికి పేరే లేదు, పొద్దుగూకితే మనిషిని గడపదాకా తెచ్చి దింపేది. అది ఎటు పోయిందో రాసిన కాగితం మాత్రం నాకు ఇంతవరకు కనబడలేదు. ఇప్పుడు వదిన కైకిలికి పోయినా తలుపుకు తాళం వేయదు, బార్లా తెరిచే పోతుంది. దొంగలు పడతారని నేను గట్టిగానే చెప్పి చూశాను.

"పడనీ" అన్నది. "ఎవలో ఒకలు ఇంట్లకొచ్చినట్టయితది."