మూత పెట్టాక మళ్ళీ మీటరు

సముద్రం ఒడ్డున మా రొసారియో ఊళ్ళో చేపలు పొగబెట్టే వీధి చివర లూదివీనా కొట్టు. ఒకప్పుడు అది వాళ్ళ నాన్న ఫ్యాన్ మోటార్లకు వైండింగ్ చేసిన కొట్టు. కాలిపోయిన ఫ్యాన్ బాగుచేయించుకునే కంటే కొత్తది కొనుక్కోవడమే నయమని జనం అనుకోవడం మొదలయ్యాక అక్కడ ఈగలు తోలుకోవడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే వచ్చింది ఈ వేప్‌ల పిచ్చి, అదే బ్యాటరీతో ఆవిరి పీల్చే గొట్టాల పిచ్చి. సిగరెట్లు మానేసిన మగవాళ్ళంతా ఇత్తడి గొట్టాలు పట్టుకుని మబ్బులు వదులుతూ తిరగసాగారు. ఆ గొట్టం తలలో వేడెక్కే తీగచుట్ట, అదే కాయిల్, ఎవరో ఒకరు చుట్టాలి కదా! తీగ చుట్టడం లూదివీనాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ తీగే తన పొయ్యి ఆరిపోకుండా కాపాడిందని ఇప్పటికీ కొట్టు తెరిచేటప్పుడు సిలువ గుర్తు వేసుకుంటుంది.

ఈ గొట్టాల్లో మెకానికల్ అనే రకం వట్టి మొండిఘటం. లోపల చిప్పూ లేదు, కాపలా లేదు. బటన్ నొక్కితే బ్యాటరీలో ఉన్నదంతా తీగ మీదికి దూకుతుంది. ఎక్కడైనా షార్ట్ అయిందా, ఇక అది బాంబే, అదీ మూతి దగ్గర! అందుకే లూదివీనా ముందు బ్యాటరీ చూపించమంటుంది. దాని ప్లాస్టిక్ తొడుగు చిరిగితే కొత్తది తొడుగుతుంది. కాయిల్ బిగించి, మిగిలిన కొసలు మొదలంటా కత్తిరించి, తీగ బాగుంటే అంకె, తేడా ఉంటే షార్ట్ అని చూపే మీటరు పెడుతుంది. గొట్టం తలకు ఇత్తడి మూత పెట్టి మళ్ళీ మీటరు పెడుతుంది. బ్యాటరీ వేసేది అన్నిటికంటే ఆఖరున.

చేపలు పొగబెట్టే తెబన్‌కు ఇదంతా చిరాకు.

"ఏం చాదస్తమక్కా! నువ్వు ఇమ్మిగ్రేషన్ ఆఫీసరువైతే మనూరోడు ఒక్కడూ దుబాయ్ విమానం ఎక్కేవాడు కాదు."

"ఎక్కకపోతే పోనీరా! మూత పెట్టాక లోపల తీగ కొస దానికి తగిలిందో లేదో నీ కళ్ళకి కనపడుద్దా? మీటరుకి కనపడుద్ది. నోర్మూసుకు కూర్చో."

చిల్లర నాణేలతో కలిపి బ్యాటరీని జేబులో వేసుకొచ్చినందుకు ఓసారి వాణ్ణి వీధంతా వినేలా దులిపేసింది. ఇన్ని తిట్లు తిన్నా వాడు ఆ కొట్టు వదిలితే ఒట్టు. తన మాట ఒక్కటైనా వాడి బుర్రకెక్కుతుందని మాత్రం ఆమె ఏనాడూ అనుకోలేదు.

లూదివీనా మొగుడు సెల్సో జనాన్ని ఎక్కించుకు తిప్పే మోటారు ట్రైసికిల్ నడుపుతాడు. ఊరి పండగనాడు బాస్కెట్‌బాల్ కోర్టులో ఎవరు పెద్ద మబ్బు వదులుతారో చూసే మబ్బుల పోటీ పెడితే పేరిచ్చాడు. పండగంటే మా ఇళ్ళలో తెలుసుగా, పిలిచినవాళ్ళూ పిలవనివాళ్ళూ ఒకటే, గుమ్మం దాటినవాడికల్లా ప్లేటు పెట్టాల్సిందే. పొయ్యి మీద పెద్ద బాణలిలో నూడుల్స్ ఉడుకుతున్నాయి. గరిటె పక్కన పెట్టి లూదివీనా సెల్సో గొట్టానికి చకచకా కాయిల్ చుట్టింది, బిగించింది, కొసలు కత్తిరించింది, మీటరు పెట్టింది. అంకె బాగానే చూపించింది.

"వదినా, అడుగంటుతోంది!" అని లోపల్నుంచి ఆడపడుచు కేక. లూదివీనా పరుగెత్తింది. ఆమె మళ్ళీ వచ్చేలోపు సెల్సో తనే మూత పెట్టి, బ్యాటరీ వేసుకుని చక్కాపోయాడు.

బాణలి దించి, తెబన్ కోసం ఓ ప్లేటు పట్టుకుని ఆమె కోర్టుకు చేరేసరికి సెల్సో వంతు వచ్చింది. గొట్టం పెదవులకు ఆనించి, బటన్ మీద వేలు పెట్టాడు.

"ఆగన్నా!" తెబన్ చెయ్యి పట్టేసుకున్నాడు. "మూత పెట్టాక మీటరు పెట్టారా?"

"చుట్టింది మీ అక్కేరా!"

"అక్క అయితే ఏంటి? మీటరుకి మొహమాటం ఉంటదా? ఇటియ్యి."

"ఏం తెబన్, నువ్వూ ఆఫీసరువైపోయావా?" అని జనం ఈలలు వేశారు. వాడు పట్టించుకోకుండా బ్యాటరీ తీసేసి, గొట్టం తలను పోటీ బల్ల మీది మీటరుకు బిగించాడు. షార్ట్ అని చూపించింది. మూత తీస్తే అంకె వచ్చింది. పెడితే మళ్ళీ షార్ట్. కత్తిరించగా మిగిలిన బియ్యపు గింజంత తీగ కొస మూత గోడకు ఆనుకుని ఉంది. ఈలలు వేసినవాళ్ళే మీటరు మీదికి వంగి చూశారు.

లూదివీనా జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ప్లేటు బల్ల మీద పెట్టి, సెల్సో మొహాన్ని రెండు చేతులా పట్టుకుని, గడ్డం, పెదాలు, చెంపలు తడిమి చూసుకుని అందరి ముందూ బావురుమంది.

"నా వంతు పోయిందే లూదీ," అన్నాడు సెల్సో.

"పోతే పోయింది! మూతి మిగిలింది కదయ్యా!" అని తెబన్ వైపు తిరిగింది. "నా ఇల్లు నిలబెట్టావురా తమ్ముడూ. నా కన్నతల్లి కూడా నాకింత మేలు చెయ్యలేదు."

వాడికి అంత మంది ముందు సిగ్గు ముంచుకొచ్చింది. "ఏడవకక్కా, నూడుల్స్ చల్లారిపోతున్నాయి," అని ప్లేటు లాక్కుని ఓ మూల కూర్చున్నాడు.

వాడు తిన్నంతసేపూ ఆమె ఎదురుగానే నిలబడింది. సెల్సో చొక్కా అంచును మాత్రం పిడికిట్లోంచి వదల్లేదు.