కుర్చీలో నిలవని టీచరు

ఆస్ట్రేలియాలోని పాయింట్ కుక్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే చాముండేశ్వరికి ఉన్నది ఒక్కటే జబ్బు. ప్రిన్సిపాల్ కనబడితే చాలు, లేచి నిలబడుతుంది. నరసరావుపేటలో టీచరుగా ఉన్నప్పుడు పట్టుకున్న అలవాటు. ఒళ్ళో లంచ్ బాక్సు ఉన్నా, నోట్లో పులిహోర ఉన్నా ఆగదు. ఇక్కడి ప్రిన్సిపాల్ నిక్కరు వేసుకొచ్చి, "జస్ట్ కాల్ మి గ్రెగ్" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన గ్రెగ్ సార్ అయ్యాడు. అదనపు పనులన్నీ స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి పంచడం ఆయన పద్ధతి. "శనివారం నెట్‌బాల్‌కి ఎవరు?" అంటూ ఆయన అడుగుపెట్టగానే మిగతావాళ్ళు కాఫీ కప్పుల్లో తలలు దూర్చేస్తారు. నిలబడి ఉన్నది ఈవిడొక్కతే. "థాంక్యూ, చామీ!" అంటాడాయన. అలా నెట్‌బాల్ అంటే ఏమిటో తెలియకుండానే కోచ్ అయిపోయింది.

"వచ్చేది పిల్లల క్యాంపు, వారమంతా ఊరి బయటే. సరిగ్గా మన పాప అక్షర పుట్టినరోజు వారమే. కుర్చీకి ఫెవికాల్ రాసుకుని కూర్చో," అన్నాడు మొగుడు భానుప్రసాద్. "చచ్చినా లేవనండీ," అంది. మర్నాడు గ్రెగ్ వచ్చి, "క్యాంపుకి ఎవరు?" అన్నాడు. చాముండేశ్వరి రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, పళ్ళు బిగించి కూర్చుంది. లేవలేదు. అందరూ బిత్తరపోయి చూశారు. గ్రెగ్ కంగారుపడి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి, "ఆర్ యూ ఓకే, చామీ?" అన్నాడు. ప్రిన్సిపాల్ తనకి నీళ్ళందించడమా! గభాలున లేచి నిలబడి, "అయామ్ ఫైన్, సార్!" అంది.

స్టాఫ్‌రూమంతా హమ్మయ్య, క్యాంపు తప్పిందనుకుని చప్పట్లు కొట్టింది.