చాక్‌పీసు గీతల మధ్య రెండంగుళాలు

చెదలకు మందు వేసే ఆయన్ని మన వీధిలో అందరూ చెదలాయన అంటారు. ఆయనే పురుగుల్ని సీసాలో తెచ్చి ఇళ్లలో వదిలి, తర్వాత మందు వేస్తాడని ఇప్పుడు ఏ గుమ్మం దగ్గర విన్నా అదే మాట. సీసా ఉన్న మాట నిజం. మిగతాదంతా కల్పన.

మూలింటి కోడలు వంటింటి ద్వారబంధం మీద చెదలు కట్టిన మట్టి చార చూసి ఆయనకు ఫోన్ చేసింది. ఆయన వచ్చేసరికి అత్తగారు చారంతా గీకి, కడిగి, పొడిగుడ్డతో తుడిచేశారు. బయటి మనిషి కంట మురికి పడితే ఆవిడకు తల కొట్టేసినట్టుంటుంది.

“చార ఏదమ్మా?”

“మా ఇంట్లో అలాంటివి ఉండవు బాబూ.”

స్క్రూడ్రైవర్ పిడితో కొడితే చెక్క డొల్లగా మోగింది. ఆయనకు ఒళ్లు మండింది. చెదలు నేలలోంచి వస్తాయి. వచ్చే దారి తెలిస్తేనే మందు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. ఆ దారినే తుడిచేసి, ఇక మందు వేయమంటారు. ఏ ఇంటికెళ్లినా ఇదే వరస.

బీరువా వెనక ఇంకో చార దొరికింది. రెండంగుళాలు విరిచి, అటూ ఇటూ చాక్‌పీసుతో గీతలు గీశాడు.

“రేపటికి ఈ మధ్యలో మళ్లీ మట్టి కట్టుకుంటే లోపల పురుగు బతికున్నట్టు. చీపురు మాత్రం ఇటు రానివ్వకండి, మీకు పుణ్యముంటుంది.”

మర్నాడు చారా లేదు, గీతలూ లేవు. గోడ అద్దంలా ఉంది.

“చాక్‌పీసు కూడా తుడిచారా?”

“గోడ మీద పిచ్చిగీతలుంటే చూస్తూ కూర్చుంటానా?”

కోడలు నెత్తి కొట్టుకుంది. “జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికెళ్లి, ఏ జబ్బో చెప్పమన్నట్టుంది అత్తయ్యా.”

మూడోసారి ఆయన చెప్పకుండా వచ్చాడు. అత్తగారు స్నానం చేసి వచ్చేసరికి మంచం కింద నుంచి రెండు కాళ్లు, పక్కన తెరిచిన పెట్టె, అందులో సీసా, సీసాలో తెల్లటి పురుగులు. రెక్కల చీమలకూ చెదలకూ తేడా తెలియని వాళ్లకు చూపించడానికి ఆయన మోసుకు తిరిగే సరుకు అది. స్పిరిట్‌లో నానుతున్న ఆ పురుగులు చచ్చి ఎన్నాళ్లయిందో. ఆవిడ అదంతా అడిగితేగా, అప్పటికప్పుడే బయటికి పంపేశారు. సాయంత్రానికి కబురు వీధి చివరిదాకా పాకింది, ఆయన్ని పిలిచిన నాలుగిళ్ల వాళ్లూ రావద్దన్నారు. ఈ వీధి పోతే ఆయనకు చేతిలో వేరే పని లేదు.

కోడలు మాత్రం వదల్లేదు, మర్నాడు మళ్లీ పిలిపించింది. నలుగురూ గేటు దగ్గర చేరారు, చూద్దామని. మంచం కింద, స్నానాల గది గోడకు ఆనించి, పాత అట్టపెట్టెలున్నాయి. ఆయన ఒకటి లాగితే అడుగు ఊడి నేలకే అంటుకుపోయింది. తడిసిన అట్టంతా పురుగే.

“అవతల కుళాయి కారుతోంది, ముందు అది బాగుచేయించండి. అట్టపెట్టెలు నేల మీద, గోడకు ఆనించి పెట్టొద్దు. నేను గోడ వెంట జానెడుకో కన్నం వేసి మందు దింపుతాను.”

అత్తగారు అట్టపెట్టెను చూశారు, గేటు దగ్గరి నలుగురినీ చూశారు.

“ఇంతమంది ముందు అడుగుతున్నా, నిజం చెప్పు నాయనా. వీటిని నువ్వే వదిలావా?”

చెదలాయన అరచేతుల మట్టి దులుపుకున్నాడు.

“నేనే వదిలేవాణ్ణయితే, పెద్దమ్మగారూ, మీ చీపురు ఎంత తుడిచినా అవెక్కడున్నాయో నాకు తెలిసేది. మొదటిరోజే తిన్నగా మంచం కిందికే వెళ్లేవాణ్ణి.”