పాల వ్యానులో దిగేవాళ్లు

పాల వ్యాను నడిపే అక్క ఒక క్యానులో పాలు, ఇంకో క్యానులో సారా పెట్టుకుని తిరుగుతుందని కొండ మీద అందరూ చెప్పుకునేవారు. తెల్లవారుతూనే మలుపు దగ్గర ఆరేడుగురు మగవాళ్లు ఆ వ్యాను ఎక్కుతారు. పొద్దెక్కాక తిరిగొస్తారు. ఎక్కడికెళ్లారంటే నవ్వి ఊరుకుంటారు. ఇంకేం కావాలి? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. వీళ్లు ఏకంగా క్యాన్ల మధ్యే కూర్చుంటున్నారాయె.

వాళ్లు వెళ్లేది కింద ఊళ్లోని ఆసుపత్రికి. తాగుడు మాన్పించే మాత్ర అక్కడ ఒక కిటికీలో ఇస్తారు. ఇంటికి ఇవ్వరు, రోజూ నర్సు కళ్లెదుటే మింగాలి. మొదటి బస్సు కొండ దిగేసరికి ఆ కిటికీ మూసేసి ఉంటుంది. సారా మాత్రం అడగకుండానే కొండెక్కి గుమ్మంలోకి వస్తుంది. విషం గుమ్మంలో, విరుగుడు కొండ కింద. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడు కనిపిస్తే క్యాను మూతతో కొడతానని అక్క అంటుండేది.

అంతకన్నా ఆమె కడుపు మండేది మరో సంగతికి. ఆ పుకారు పుట్టించింది ఆ మగవాళ్లే. మాత్రకని చెబితే పరువు పోతుందట. తాగడానికని చెబితే పోదట. ఆ ఆరేడుగురిలో ఒకడైన ఆమె సొంత మరిది మంగలి కొట్లో కూర్చుని, "మా వదిన చెయ్యి పెద్దదిరా, లోటా నిండా పోస్తుంది" అని అందరినీ నవ్వించాడు.

ఆ నవ్వు డెయిరీ మేనేజరు దాకా వెళ్లింది. ఒకరోజు పొద్దున్నే ఆయన మలుపు దగ్గర కాపు కాసి వ్యాను ఆపాడు. ఒక్కో మూతా తీసి వాసన చూశాడు.

"ఎంతసేపు చూస్తారు సార్? పాలు సిగ్గుపడతాయి," అంది అక్క.

"మరి వీళ్లంతా ఎందుకు ఎక్కుతున్నారమ్మా?"

అక్క మరిది వైపు తిరిగింది. "చెప్పవయ్యా. మంగలి కొట్లో బాగానే చెప్పావుగా."

మరిది మెడ గోక్కున్నాడు. వాళ్లతో వచ్చే వడ్రంగి టైరు వంక చూశాడు. మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు నక్కారు. చెప్పేద్దామని అక్క నోరు తెరిచింది. అదీ సగంలోనే మూసుకుపోయింది. దాంతో ఆమె కోపం రెట్టింపయింది.

"ఇవాళ్టి నుంచి మనిషన్నవాణ్ని ఎక్కిస్తే బండి నీ చేతిలో ఉండదు," అన్నాడు మేనేజరు.

ఎండ అప్పుడే చెట్ల మీదికి వస్తోంది. ఈ పూట కిటికీ తప్పితే సాయంత్రానికి మరిది ఎవరి అరుగు మీద పడి ఉంటాడో ఆమెకు తెలుసు. తాళం చెవి తీసి మేనేజరు అరచేతిలో పెట్టింది.

"రెండో గేరు పడాలంటే బతిమాలాలి సార్. బతిమాలుకోండి." తర్వాత మగవాళ్ల వైపు తిరిగింది. "నడవండి. కాళ్లున్నాయా, అవి కూడా తాగేశారా?"

అడ్డదారిన రాళ్లు జారుతుంటే పడుతూ లేస్తూ దిగారు. వెనక వ్యాను హారన్ మోగుతూనే ఉంది. ఆమె తిరిగి చూడలేదు.

"నా మూలంగా బండి పోయింది వదినా," అన్నాడు మరిది.

"ఇప్పుడు వచ్చిందా నోరు? దాన్ని కిటికీ దగ్గర తెరువు."

ఆసుపత్రిలో నర్సు కిటికీ రెక్క లాగుతుంటే అక్క మోచెయ్యి అడ్డం పెట్టింది. "ఈ కిటికీ కొండెక్కితే మీదేమైనా అరిగిపోతుందా తల్లీ?"

"నా చేతిలో ఏముందక్కా? పైవాళ్లని అడగాలి."

"పైన ఉండేది మేమే. మమ్మల్నెవరు అడిగారు?"

నర్సు నీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. మగవాళ్లు అలవాటుగా పక్కకి తప్పుకున్నారు. కొండ మీది నుంచి వచ్చి ఆ కిటికీలో మొట్టమొదట మాత్ర మింగింది అక్కే. ఆ రోజు కూడా మొదటి మాత్ర ఆమెదే.