మా మేక కట్టిన భవంతి

మాది నారాయణపేట దగ్గర పల్లె. నాకు రాయడం అంతగా రాదు, తప్పులుంటే నవ్వకండి.

మా బిడ్డ ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరంలో మైదా పిండి జిగురుతో అట్ట ఇల్లు చేసింది. కాలేజీకి తీసుకెళ్లే రోజు పొద్దున చూస్తే, మా మేక కప్పు నడుమ అంతా తినేసింది! మార్కులు పోయాయని నేను ఏడ్చాను.

"ఊకో అమ్మా! గిప్పుడిది మండువా లెక్క భవంతి ఇల్లు. నడుమ ఎండ, వాన పడాలె" అంటూ బిడ్డ అంచులు చక్కగా కత్తిరించి పట్టుకుపోయింది.

సాయంత్రం నవ్వుకుంటూ వచ్చింది.

"సారుకు నిజమే చెప్పిన. చెడినదాన్ని చక్కజేసి ఇల్లు కట్టిచ్చుకునేటోళ్లను ఒప్పియ్యాలె, రేపు నౌకరీల గదే పని అన్నడు. మంచి మార్కులేసిండు."

"మరి మేకనేమన్నడు?"

"దానికి గూడ నౌకరిస్తడట!"

అప్పటినుంచి దాన్ని ఇంజినీరమ్మా అనే పిలుస్తున్నాం. అట్ట ఇళ్లు మాత్రం అటక మీద పెడుతున్నాం.